వరుస వేరు, వంతు వేరు

"ఏంన్నా, ఈ ఆదివారం గూడ నేనేనా? నా రెస్టు గదా."

"రెస్ట్ గివర్ రాల్యా. నువ్వు గాకుంటే ఇంకెవరుండార్రా అబ్బీ ఈడ?"

ఎర్రగుంట్ల నుంచి కడపకు వచ్చే దారిలో ఒక చిన్న స్టేషన్లో ఈ రెండు మాటలూ నా చెవిన పడ్డాయి. అడిగినవాడు ఆరేళ్ల సర్వీసున్న పాయింట్స్‌మన్. జవాబు చెప్పినాయన డ్యూటీలు వేసే మనిషి. రెస్ట్ గివర్ అంటే రెస్టులో ఉన్నవాని బదులు వచ్చి పనిచేసేవాడు. బయట వేపచెట్టు కింద మూడో మనిషి కూర్చుని అంతా వింటున్నాడు. ఆయనా పాయింట్స్‌మనే, ఇరవై ఆరేళ్ల సర్వీసు. నన్ను చూడగానే ఆయన గోడు మొదలుపెట్టాడు.

"ఓటీ పడే దినం వాన్ని పిలుస్తారు. ఊరికే ఎండలో తిరిగే దినం నన్ను పిలుస్తారు. నేను సీనియర్ను. అడిగేదుంటే ముందు నన్ను గదా అడగాల్సింది?"

ఒకే ఆదివారం. ఆ పిల్లోనికి అది పోయిన విశ్రాంతి, ఈ పెద్దాయనకు అది చేజారిన డబ్బు. ఒకప్పుడు ఒకే క్యారేజీలో అన్నం తిన్న ఇద్దరూ రెండు నెలలుగా మాట్లాడుకోవడం లేదు. క్వార్టర్ల దగ్గర కొళాయి కాడ ఆడవాళ్లు కూడా ఎడమొహం పెడమొహం అయ్యారు.

పెద్దాయనకు డబ్బు ఆశ అనుకోవద్దు. ఊళ్లో నాలుగెకరాల మెట్ట ఉంది. చెనక్కాయ రెండేళ్లు వరుసగా ఎండింది. వేయించిన బోరులో నీళ్లు పడలేదు, అప్పు మాత్రం మిగిలింది. కర్నూలు, కడప జిల్లాల్లో రైల్వే జీతం మీద బతికే ఇళ్లలో చాలావాటి వెనుక ఇట్లాంటి ఎండిన చేను ఒకటి ఉంటుంది. ఓటీ డబ్బులు అక్కడికే పోతాయి. పిల్లవాని సంగతీ చిన్నది కాదు. వాళ్లమ్మకు వారానికోసారి కడపలో వైద్యం చేయించాలి, దానికి వానికి దొరికేది ఆ ఆదివారం ఒక్కటే.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, దిగిపోయాక కూడా నేను తోటివాళ్లకు అర్జీలు రాసిపెడుతూ వచ్చాను. సీనియారిటీ గొడవలు, ఓటీ గొడవలు ఎన్ని విన్నానో లెక్కలేదు. ఎక్కువ గొడవల వేరు ఒకటే: రెండు వేర్వేరు సంగతులను ఒకే మూటలో కట్టడం. సీనియారిటీ అంటే వరుస. ఓవర్‌టైము అంటే వంతు. వరుస కాగితం మీద ఉంటుంది, ఎక్కడో డివిజన్ ఆఫీసులో. వంతు గోడమీది రోస్టరులో ఉంటుంది, మీ స్టేషన్లోనే. ఒకదాని న్యాయం ఇంకోదానికి అతకదు.

అమెరికా రైలు కార్మికుల్లో ఈ రెండూ చాలామటుకు ఒకటే. అక్కడ యూనియన్లు కంపెనీలతో రాసుకున్న ఒప్పందాల ప్రకారం ఏ షిఫ్టు చేయాలో, ఏ బండి ఎక్కాలో, అదనపు పని వస్తే ఎవరిని ముందు పిలవాలో సర్వీసును బట్టి తేలుతుంది. సీనియర్‌ను దాటి జూనియర్‌ను పిలిస్తే, చేయని ఆ పనికి కూడా కూలి ఇమ్మని సీనియర్ దావా వేయవచ్చు. 1916లో వచ్చిన ఆడమ్సన్ చట్టం అక్కడ రైలు కార్మికులకు ఎనిమిది గంటల రోజును, ఆపై చేసే పనికి అదనపు వేతనాన్ని తెచ్చింది. వాళ్ల దారి అది. మనది వేరు. మన 1989 రైల్వే చట్టంలో గానీ, 2005 పని గంటల నిబంధనల్లో గానీ ఓవర్‌టైము సీనియర్‌కే ఇవ్వాలన్న మాట లేదు. సీనియారిటీ మీకు ప్రమోషన్‌లో పనికొస్తుంది, పదోన్నతి పరీక్షకు పిలిచే వరుసలో పనికొస్తుంది. ఆదివారం ఎవరు డ్యూటీకి రావాలో అది చెప్పదు.

మరి ఎవరు చెప్పాలి? ఇక్కడ మన నేలకు తెలిసిన న్యాయమే ఒకటుంది. కర్నూలునూ కడపనూ కలిపేది రైలు పట్టా ఒక్కటే కాదు, కె.సి. కెనాల్ కూడా. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా పారే ఆ కాలువ మీద బతికే రైతులకు వంతు అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. నీళ్లు తక్కువైన ఏడు ఏ చేనికి ఎప్పుడు మడవ తిప్పాలో వంతు ప్రకారమే నడవాలి. తాతలనాటి నుంచి సాగు చేస్తున్నవాడైనా, నిన్న కౌలుకు తీసుకున్నవాడైనా వంతు వంతే. నీరుగంటి వంతు తప్పితే కొట్లాట జరగాల్సింది నీరుగంటితో, కింది చేని రైతుతో కాదు. మన ఓటీ కూడా ఆ నీళ్లలాంటిదే. చాలీచాలనిది, అందరికీ కావలసినది, ఒక్కోసారి ఎవరికీ అక్కర్లేనిది.

గంటల లెక్క

హక్కు అడగాలంటే ముందు లెక్క రావాలి. చాలామందికి రాదు, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు, ఎవరూ చెప్పలేదు గనక. ఈ భాగం ఒకటికి రెండుసార్లు చదవండి.

రైల్వేలో మీ ఉద్యోగాన్ని పని స్వభావాన్ని బట్టి నాలుగు తరగతుల్లో ఒకదానిలో పెడతారు: ఇంటెన్సివ్, కంటిన్యువస్, ఎసెన్షియల్లీ ఇంటర్‌మిటెంట్, ఎక్స్‌క్లూడెడ్. చట్టం 132వ సెక్షన్ ప్రకారం ఇంటెన్సివ్ వాళ్ల చేత నెల సగటున వారానికి 45 గంటలు, కంటిన్యువస్ వాళ్ల చేత రెండు వారాల సగటున వారానికి 54 గంటలు, ఇంటర్‌మిటెంట్ వాళ్ల చేత వారానికి 75 గంటలు మించి పని చేయించకూడదు. ఇవి చట్టం గీసిన గీతలు. రోస్టరు గంటలు వీటికంటే తక్కువ ఉంటాయి. కంటిన్యువస్ మనిషికి మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48.

ఇప్పుడు మన పిల్లవాని సంగతి చూద్దాం. వానిది కంటిన్యువస్. రెండు వారాలకు రోస్టరు 96 గంటలు, చట్టం గీత 108. ఆ రెండు వారాల్లో రెండు రెస్టులూ పోయాయి, రెండు రోజులూ ఎనిమిదేసి గంటలు చేశాడు, బదులు విశ్రాంతి దొరకలేదు. మొత్తం 112 గంటలు. 96 నుంచి 108 దాకా ఉన్న 12 గంటలకు గంట వేతనానికి ఒకటిన్నర రెట్లు. 108 దాటిన 4 గంటలకు రెండు రెట్లు. అంటే 18, 8 కలిపి 26 గంటల వేతనం రావాలి. వానికి వచ్చింది దానికంటే బాగా తక్కువ. "ఏదో పడిందిలే సార్" అన్నాడు. ఎంత రావాలో తెలియనివాడు ఎంత వచ్చినా సర్దుకుంటాడు, లోపల మాత్రం రగులుతూ ఉంటాడు.

లోకో పైలట్లు, గార్డుల లెక్క వేరు. రన్నింగ్ స్టాఫ్‌కు రెండు వారాలకు 104 గంటలు రోస్టరు, ఆపైన ఓవర్‌టైము. గార్డును ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ మన వాళ్ల నోట ఇంకా గార్డు సారే. వాళ్ల గొడవ ఎక్కువగా డబ్బు గురించి కాదు, నిద్ర గురించి.

విశ్రాంతి 133వ సెక్షన్‌లో ఉంది. కంటిన్యువస్, ఇంటెన్సివ్ వాళ్లకు వారానికి ఒకసారి ఆగకుండా 30 గంటలు. ఇంటర్‌మిటెంట్ వాళ్లకు ఒక పూర్తి రాత్రి కలిసేటట్టు 24 గంటలు. తప్పనిసరై రెస్టు ఆపితే బదులు విశ్రాంతి ఇవ్వాలి. చాలామంది మర్చిపోయే మాట ఇదే. ఓటీ డబ్బు ఒకటి, బదులు రెస్టు ఇంకోటి. తర్వాత సెలవు దొరికితే గంటల లెక్క తగ్గుతుంది, దొరక్కపోతే డబ్బు పెరుగుతుంది. రెండూ లేకుండా పోవడం మాత్రం కుదరదు.

ఈ గీతలు ఎవరో దయతలచి గీసినవి కావు. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ కార్మిక మహాసభ పని గంటల ఒప్పందం చేసింది. భారతదేశం దానికి ఒప్పుకున్నాక 1930లో రైల్వే చట్టాన్ని సవరించి, 1931లో నిబంధనలు తెచ్చారు. 1947లో జస్టిస్ రాజాధ్యక్ష తీర్పు, 1972లో జస్టిస్ మియాభాయ్ ట్రిబ్యునల్ నివేదిక ఆ గంటలను ఒక్కో మెట్టు దించాయి. 1973 ఆగస్టులో లోకో కార్మికులు సమ్మె చేశాక, సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా పది గంటలన్న మాట ప్రభుత్వం నోట వచ్చింది. మరుసటేడు మే 8 నుంచి 27 దాకా, జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో దేశమంతా రైళ్లు ఆపిన సమ్మెలో ఎనిమిది గంటల పని దినం ముఖ్యమైన కోరిక. ఎంతోమంది జైలుకు పోయారు, ఎన్నో ఉద్యోగాలు పోయాయి. మీరు ఓటీ స్లిప్పు మీద రాసే ప్రతి గంట వెనుకా ఆ మనుషులున్నారు. దాన్ని తప్పుగా రాయకండి, రాయకుండా వదిలేయకండి.

తరగతి గురించి ఒక్క మాట. చిన్న స్టేషన్లలో, లెవల్ క్రాసింగ్ గేట్ల దగ్గర పనిచేసేవాళ్లలో చాలామందిని ఇంటర్‌మిటెంట్‌లో పెడతారు. డ్యూటీలో సగం సమయమో అంతకంటే ఎక్కువో, 72 గంటల సగటున, ఏ పనీ లేకుండా గడిస్తేనే ఆ పేరు వర్తిస్తుంది. మన గుంతకల్–రేణిగుంట దారిలో ఒకప్పుడు అట్లానే ఉండేదేమో. ఇప్పుడు డబ్లింగ్ అయ్యింది, కరెంటు బండ్లు వచ్చాయి, సిమెంటు గూడ్సు బండ్లు, ముద్దనూరు దగ్గరి థర్మల్ స్టేషన్‌కు బొగ్గు బండ్లు నడుస్తున్నాయి. 2016లో ఎర్రగుంట్ల–నంద్యాల లైను తెరిచాక కొన్నిచోట్ల పని స్వరూపమే మారింది. మీ స్టేషన్లో పని పెరిగి తరగతి మాత్రం పాతదే ఉండిపోతే, జాబ్ ఎనాలిసిస్ కొత్తగా చేయమని అడగండి. తరగతి నిర్ణయం తప్పనిపిస్తే 90 రోజుల్లోపల రీజినల్ లేబర్ కమిషనర్‌కు అప్పీలు చేసుకునే దారి ఉంది. ఒక ఆదివారం ఓటీ కోసం తోటివానితో కొట్లాడే బదులు ఈ ఒక్క పని సాధిస్తే ఆ స్టేషన్లో అందరి బతుకూ మారుతుంది.

జేబులో పుస్తకం

ఆ ఇద్దరినీ నేను విడివిడిగా ఒకే ప్రశ్న అడిగాను. "పోయిన మూడు నెలల్లో నీ రెస్టు ఎన్నిసార్లు పోయింది? ఏ తేదీలు?" పెద్దాయన "శానాసార్లు" అన్నాడు. పిల్లవాడు "ప్రతి వారమూ" అన్నాడు. తేదీలు ఇద్దరి దగ్గరా లేవు.

కోపానికి తేదీలు గుర్తుండవు. అందుకే జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి కొనండి. రోజుకు ఒక గీత చాలు: డ్యూటీ ఎక్కిన టైము, దిగిన టైము, ఎవరు పిలిచారు, ఫోనులోనా నోటిమాటా కాగితమా. రెస్టు పోతే ఎర్రసిరాతో "రెస్టు లేదు" అని రాయండి. బదులు రెస్టు దొరికిన రోజు అక్కడే ఆ తేదీ వేయండి. డ్యూటీ దిగాక రాత్రి రాద్దామనుకుంటే రాయరు, సైన్ ఆఫ్ చేసేటప్పుడే రాయండి. నెలాఖరున మీ పుస్తకాన్ని మస్టరుతో సరిచూడండి. తేడా ఉంటే ఆ నెలలోనే అడగండి. మూడేళ్ల తర్వాత అడిగే ఓటీకి సాక్ష్యం చెప్పేవాళ్లు బదిలీ అయిపోయి ఉంటారు.

ఇది నాకు మా నాయన నేర్పాడు. ఆయన గ్యాంగులో పనిచేశాడు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు పట్టా వంకర తిరుగుతుందేమోనని మిట్టమధ్యాహ్నం కాపలా నడిచేవాడు. చదువు రాదు. గోడకు సున్నపు చుక్కలు పెట్టేవాడు, రెస్టు పోయిన వారానికి ఒక చుక్క చుట్టూ గుండ్రం గీసేవాడు. మేస్త్రీ లెక్కా మా నాయన చుక్కలూ తేడా వచ్చినప్పుడు చుక్కలే నిలిచేవి, ఎందుకంటే ఆ గ్యాంగులో ఇంకెవరి దగ్గరా లెక్క లేదు.

ఒక హెచ్చరిక. రెస్టు రోజున పిలిస్తే "రాను" అని ఫోను ఆపేసి ఇంట్లో కూర్చోవడం మంచి దారి కాదు. మీరు న్యాయం వైపు ఉన్నా, ఆ రోజు తప్పు మీ పేరున పడుతుంది. పని చేయండి, చేశాక రాసి అడగండి. అయితే నిజంగా నిద్ర లేక కళ్లు మూతపడుతుంటే ఆ మాట ముందే, సూటిగా, డ్యూటీ వేసేవాళ్లకో కంట్రోలర్‌కో చెప్పండి. అది మొండితనం కాదు. పాయింటు మీద ఉన్నది మీ చెయ్యి, ఆ పాయింటు మీద పోయేది వందలమంది ప్రాణం.

ఏడాది గడువు

ఇక వరుస సంగతి. సీనియారిటీ అంటే "ముందు చేరినవాడు ముందు" అనుకుంటే సగమే నిజం. ఒకే బ్యాచ్‌లో శిక్షణకు పోయినవాళ్లకు చివరి పరీక్షలో వచ్చిన మార్కుల వరుసే సీనియారిటీ. ఒకసారి తప్పి తర్వాత పాసైనవాడు ముందు పాసైనవాళ్ల కిందికి వస్తాడు. మార్కులు సమానమైతే వయసులో పెద్దవాడు ముందు. కాబట్టి ఒకే రోజు చేరిన ఇద్దరిలో ఒకడు ముందు ప్రమోషన్ తీసుకుంటే వెంటనే అనుమానపడకండి. శిక్షణ మార్కులు చూడండి.

రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ మాన్యువల్లో 321వ పేరా గుర్తుపెట్టుకోండి. సీనియారిటీ జాబితా ప్రచురించాక అందులో తప్పుంటే చెప్పుకోవడానికి ఒక ఏడాది గడువు. ఆ ఏడాది దాటితే ఆ అర్జీ తీసుకోరు.

ఈ గడువు విలువ నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఒక జాబితాలో నేను నా గ్రేడులో చేరిన తేదీ నాలుగు నెలలు ఆలస్యంగా పడింది. జాబితా మా దగ్గరికి వచ్చింది, నోటీసు బోర్డుకు అంటించారు, నేను దాని పక్క నుంచే రోజూ నడిచాను. అందరూ "నీ పేరుంది చూసుకున్నావా?" అంటే ఉంది కదా అనుకున్నాను. పేరు చూశాను గానీ తేదీ చూడలేదు. పద్దెనిమిది నెలల తర్వాత నా తర్వాత వచ్చిన ఇద్దరికి ప్రమోషన్ వచ్చినప్పుడు కళ్లు తెరిచాను. అర్జీ పెడితే గడువు దాటిందన్నారు. ఆ ఇద్దరిలో ఒకతను నా పెళ్లికి తోడు వచ్చినవాడు. అతనితో నేను ఏడాదిపాటు సరిగా మాట్లాడలేదు. అతను చేసిన తప్పేమీ లేదని నాకు తెలుసు. తెలిసీ మాట్లాడలేదు. పోయిన ప్రమోషన్ కంటే ఆ ఏడాదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

అందుకని జాబితా రాగానే ఫోటో తీసుకోండి. మీ వరుసను కాదు, మీ గడిని మొత్తం చదవండి: పుట్టిన తేదీ, నియామకం తేదీ, ఈ గ్రేడులోకి వచ్చిన తేదీ, కమ్యూనిటీ. తర్వాత మీ పైన ఐదుగురివి, మీ కింద ఐదుగురివి. అర్ధగంట పని. ఆఫీసు పొరపాటు వల్ల ప్రమోషన్ తప్పిపోయిందని తేలితే 228వ పేరా కింద వరుస సరిచేస్తారు. వెనకటి కాలానికి జీతం బకాయి మాత్రం ఆ పేరా ఇవ్వదు. కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలకూ మీరు వెల కడుతున్నట్టే.

మన రెండు జిల్లాలవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఒకటుంది. కర్నూలు సిటీ స్టేషన్ హైదరాబాద్ డివిజన్‌లో ఉంది, కడప గుంతకల్ డివిజన్‌లో ఉంది. బస్సులో నాలుగైదు గంటల దూరం, సీనియారిటీ జాబితాలో మాత్రం రెండు వేర్వేరు లోకాలు. కర్నూలులో పదకొండేళ్లు చేసినవాడు అమ్మానాన్నల కోసం సొంత కోరికమీద కడపకు బదిలీ అడిగితే, కడపలో పోయిన నెల చేరిన పిల్లవాని కిందకు వస్తాడు. 312వ పేరా చెప్పేది అదే. పరిపాలనా అవసరంతో వాళ్లే బదిలీ చేస్తే వరుస పోదు. ఇద్దరు ఒకరి చోటికొకరు మారితే, ఇద్దరి వరుసల్లో ఏది తక్కువైతే అదే మీకు దక్కుతుంది.

మరి పోవాలా వద్దా? ఇంట్లో మంచం పట్టిన తల్లి ఉంటే పోండి. నా మాట అంతే. మీ పదకొండేళ్ల సర్వీసు ఎక్కడికీ పోదు, పోయేది వరుస ఒక్కటే. అయితే "కింది సీనియారిటీకి ఒప్పుకుంటున్నాను" అన్న కాగితం మీద సంతకం చేసేటప్పుడు అర్థమై చేయండి, రాత్రి ఇంట్లో కూర్చుని భార్యతో లెక్కేసి చేయండి. వచ్చే ప్రమోషన్ ఎన్నేళ్లు వెనక్కి పోతుంది, నెలకు ఎంత తగ్గుతుంది, అక్కడ అద్దె ఎంత మిగులుతుంది. తెలిసి వదులుకున్నదాని గురించి మనిషి ఎవరినీ తిట్టడు. 2019 ఫిబ్రవరి 27న ప్రకటించిన దక్షిణ కోస్తా జోన్‌లో గుంతకల్ డివిజన్ పేరు ఉంది. డివిజన్లు, జోన్లు మారే కాలంలో వచ్చే ఆప్షన్ ఫారాలను కూడా ఇట్లాగే చదవండి. 1977లో గుంతకల్ డివిజన్ దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకు మారినప్పుడు ఉద్యోగంలో ఉన్న పెద్దలెవరైనా మీ ఊళ్లో ఉంటే పోయి అడగండి.

ఎవరి మీద అర్జీ?

మన దక్షిణ మధ్య రైల్వే నుంచే సుప్రీంకోర్టు దాకా పోయిన ఒక సీనియారిటీ తగువు ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రైల్వే కార్మికులకు తక్కువ ధరకు ధాన్యం ఇవ్వడానికి గ్రెయిన్ షాపులు తెరిచారు. తర్వాత వాటిని మూసేసి, అక్కడి గుమాస్తాలను వేరే శాఖల్లో కలిపారు. వాళ్లు పాత సర్వీసుతో ఏ వరుసలో నిలబడాలి? రైల్వే బోర్డు నిర్ణయాలు ఎటు తిరిగినా ఒకరికి నష్టం. దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్‌కూ సిద్ధాంతి తదితరులకూ మధ్య నడిచిన ఆ కేసులో 1974లో తీర్పు వచ్చింది. ఈ నిర్ణయం వల్ల దెబ్బతినే ఉద్యోగులందరినీ కేసులో చేర్చలేదు గనక కేసే చెల్లదని రైల్వే వాదించింది. సవాలు చేసింది బోర్డు విధానాన్ని, ఫలానా మనిషిని కాదు గనక వాళ్లందరినీ చేర్చకపోయినా కేసు నిలుస్తుందని కోర్టు చెప్పింది.

నేను అర్జీ రాసేటప్పుడల్లా ఆ తీర్పును తలుచుకుంటాను. "ఫలానా జూనియర్‌ను పిలుస్తున్నారు, నన్ను పిలవడం లేదు" అని రాస్తే అది మనిషి మీద ఫిర్యాదు. "రెస్టు రద్దు చేసేటప్పుడు వంతు పద్ధతి పాటించడం లేదు" అని రాస్తే అది పద్ధతి మీద. రెండోది రాయండి. అయితే ఒకటి, ఫలానావాని పైన నన్ను పెట్టండని సూటిగా అడిగే కేసులో అతన్ని చేర్చక తప్పదు, అతని మాటా వినాలి, అది న్యాయం. అప్పుడు కూడా నోటీసు అందకముందే మీరే పోయి అతనితో చెప్పండి.

రిజర్వేషన్ ప్రమోషన్ల గురించి డ్యూటీ రూముల్లో నోరు జారేవాళ్లకు ఒక మాట. ఉత్తర రైల్వే గార్డుల సీనియారిటీ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2001లో పార్లమెంటు రాజ్యాంగానికి 85వ సవరణ తెచ్చి, రిజర్వేషన్‌తో వచ్చిన ప్రమోషన్‌కు సీనియారిటీ కూడా కలిసొచ్చేట్టు చేసింది. అది రాజ్యాంగం తేల్చిన విషయం. పక్క బల్ల మీద కూర్చున్న మనిషిని దానికి జవాబు అడగడం తప్పు, అతని మనసు నొప్పించడం ఇంకా పెద్ద తప్పు.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. ముందు తెలుగులో రాసుకోండి, తర్వాత ఇంగ్లీషులోకి మార్పించుకోండి. ఆ పిల్లవానికి నేను రాసిచ్చింది ఇట్లా ఉంది:

"ఈ నెల 3, 10 తేదీల్లో నా వారపు విశ్రాంతి రోజుల్లో ఒక్కొక్క రోజు 8 గంటలు పనిచేశాను. ఆ రెండు వారాల్లో నా మొత్తం గంటలు 112, రోస్టరు గంటలు 96. బదులు విశ్రాంతి ఇవ్వలేదు. 12 గంటలకు ఒకటిన్నర రెట్లు, 4 గంటలకు రెండు రెట్లు ఓవర్‌టైము చెల్లించవలసిందిగా, ఇకమీదట విశ్రాంతి రద్దు వంతు ప్రకారం జరిగేటట్టు చూడవలసిందిగా కోరుతున్నాను."

కోపం లేదు, పోలిక లేదు, ఎవరి పేరూ లేదు. పై అధికారి ద్వారా పంపి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ పెట్టనట్టే. జవాబు రాకపోతే యూనియన్ బ్రాంచికి పోండి. 1952 నుంచి నడుస్తున్న పీఎన్ఎం (శాశ్వత చర్చల యంత్రాంగం) సమావేశాల్లో డివిజన్ స్థాయిలో ఇట్లాంటివి కూర్చుని తేల్చే అలవాటు ఉంది. అక్కడా తేలని సీనియారిటీ వంటి విషయాలకు హైదరాబాద్‌లోని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్. అక్కడ కూడా గడువుంది: చివరి ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపల పోవాలి. అర్జీకి ఆరు నెలలు జవాబే రాకపోతే, ఆ ఆరు నెలలు నిండిన రోజు నుంచి ఏడాది. కాగితాలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద మీ డ్యూటీ రోస్టరు నకలు అడగవచ్చు.

ఆ ఇద్దరి సంగతి చెప్పి ముగిస్తాను. ఇద్దరికీ చెరొక పుస్తకం కొనిచ్చి, మూడు నెలల తర్వాత వేపచెట్టు కింద పక్కపక్కన కూర్చోబెట్టాను. తేదీలు పక్కపక్కన పెట్టి చదివాం. పిల్లవానికి ఐదు రెస్టులు పోయాయి, పెద్దాయనకు రెండు. పెద్దాయన పుస్తకాన్ని చాలాసేపు చూశాడు. "నాకు తక్కువ పిలిచినారనుకున్యా. వీనికి నిద్దరే లేదని ఎరగను" అన్నాడు. ఇద్దరికీ రావాల్సిన ఓటీలో కోత పడిందని అప్పుడే తేలింది. రెండు సంతకాలతో ఒకే అర్జీ పోయింది. స్టేషన్లో నలుగురూ కూర్చుని, రెస్ట్ గివర్ రానప్పుడు ఎవరి వంతో ఒక అట్ట మీద రాసి, పెద్దాయనను ఒప్పించి రోస్టరు పక్కన తగిలించారు. బోరు అప్పు తీరేదాకా తన వంతు కూడా పెద్దాయనే చేయవచ్చని పిల్లవాడు రాయించాడు, ఇష్టమైతేనే అన్న మాట కలిపి.

పోయిన శ్రావణంలో ఆ దారిన పోతూ బండి ఆగినప్పుడు కిటికీలోంచి చూశాను. పెద్దాయన పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు.

"పిల్లోడు యాడన్నా?" అని అరిచాను.

"కడపకు పోయినాడు సార్, వాళ్లమ్మతో. ఈ ఆదివారం వంతు నాది."